పీపాలు పారబోస్తే పుట్టిన పిల్సెన్!

లేత బంగారు రంగు, పైన తెల్లటి నురగ, గుటక దిగాక నాలుక మీద నిలిచే చిరుచేదు... ప్రపంచంలో ఎక్కడ లేతరంగు లాగర్ బీరు కాచినా, దాని పుట్టుక వెతుక్కుంటూ వెళితే చెక్ రిపబ్లిక్‌లోని ఓ ఊరే కనిపిస్తుంది. అదే పిల్సెన్!

రాజధాని ప్రాగ్‌కు నైరుతి దిశలో 90 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది పిల్సెన్. ఊళ్లోకి అడుగుపెట్టకముందే 102 మీటర్ల ఎత్తున్న సెయింట్ బార్తొలొమ్యూ చర్చి గోపురం పలకరిస్తుంది. 1295లో బొహీమియా రాజు రెండో వెన్‌సెస్లాస్ ఈ ఊరిని కట్టించినప్పుడు ఇక్కడి 260 ఇళ్లకు బీరు కాచుకునే హక్కు ఇచ్చాడట. ఇంటింటా బీరే! కానీ ఎవరి చేతివాటం వారిది. ఒకరింట బాగుంటే మరొకరింట పులిసిపోయేది.

1838లో జనం ఓపిక నశించింది. తాగడానికి పనికిరాని 36 పీపాల బీరును పట్టుకొచ్చి టౌన్‌హాలు ముందే పారబోశారు. ఆ తర్వాత హక్కున్న ఇళ్లవాళ్లంతా చేతులు కలిపి ఒకే బ్రూవరీ కట్టుకున్నారు. దాన్ని కట్టిన మార్టిన్ స్టెల్జర్, పక్కనున్న బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే 29 ఏళ్ల బ్రూవర్‌ను పిలిపించాడు.

నాలుగూ కుదిరిన వేళ...

అప్పటిదాకా లాగర్ బీరంటే ఎక్కువగా ముదురు రంగే. గ్రోల్ మాత్రం పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టిన లేతరంగు మాల్ట్ వాడాడు. మాల్ట్ అంటే మరేం లేదు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. దానికి తోడు ఖనిజాలు బాగా తక్కువున్న పిల్సెన్ నీళ్లు, చలిలో నెమ్మదిగా పులియబెట్టే బవేరియా ఈస్ట్, దగ్గర్లోని జాటెట్స్ ప్రాంతపు హాప్ పూలు కలిశాయి. 1842 అక్టోబరు 5న తొలి కాపు పడింది. నవంబరు 11న ఊరి జనం రుచి చూశారు. అంతే, పిల్సెన్ పేరు దేశాలు దాటింది! గ్రోల్ మాత్రం 1845లో ఒప్పందం ముగియగానే సొంతూరు విల్స్‌హోఫెన్‌కు వెళ్లిపోయాడు. ఆయన బీరు ఇప్పటికీ పిల్స్‌నర్ ఉర్కెల్ పేరుతో అక్కడే తయారవుతోంది.

1892లో స్వర్ణోత్సవ గుర్తుగా కట్టిన జంట తోరణాల ద్వారం దాటి బ్రూవరీలోకి వెళితే పెద్ద పెద్ద రాగి బాయిలర్లు కనిపిస్తాయి. నీళ్లలో నానిన మాల్ట్‌లో కొంత తీసి, విడిగా మరిగించి, మళ్లీ అందులోనే కలుపుతారు. ఇలా మూడుసార్లు! ఈ పద్ధతిని డికాక్షన్ అంటారు. మన కాఫీ డికాక్షన్‌కూ దీనికీ పేరొక్కటే, పని వేరు. భూమి కింద సుమారు 9 కిలోమీటర్ల సొరంగాలున్నాయి. ఫ్రిజ్‌లు లేని కాలంలో బీరును చల్లగా దాచింది ఇక్కడే. ఇప్పుడు ఉత్పత్తి అంతా స్టీలు ట్యాంకుల్లోనే జరుగుతున్నా, పాత రుచితో సరిపోల్చుకోవడానికి కొద్దిపాటి బీరును ఓక్ పీపాల్లో పులియబెడుతున్నారు. సందర్శకులకు వడకట్టని ఆ బీరే పోస్తారు.

పచ్చబంగారం

ఆ చిరుచేదు గుట్టు జాటెట్స్ తోటల్లో ఉంది. ఈ ఊరి జర్మన్ పేరే సాజ్. హాప్ రకానికీ అదే పేరు. ఏడు మీటర్ల ఎత్తున కట్టిన తీగలమీదికి పాకే ఈ మొక్కకు పొలుసులు పొలుసులుగా ఆకుపచ్చ పూలు కాస్తాయి. వాటిని విప్పితే లోపల పసుపుపచ్చని పొడి. చేదూ సువాసనా అందులోనే ఉంటాయి. చెక్ ప్రజలు హాప్‌ను పచ్చబంగారం అంటారు. ఆగస్టు ఆఖరు నుంచి కోతలు మొదలవుతాయి. ఈ తోటలకు, పాత గోదాములకు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది.

ఇంటి గిన్నెలో ఊరంత పని

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978లో చట్టం అనుమతినిచ్చింది. (మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ నేరం.) అలాంటి ఇంటి బ్రూవర్లకు పిల్స్‌నర్ ఓ పెద్ద పరీక్ష. 20 లీటర్లకు నాలుగున్నర కిలోల మాల్ట్, 120 గ్రాములకు అటూఇటూ సాజ్ హాప్స్... లెక్క ఇంతే! మొదట్లో వేసి గంటకు పైగా మరిగిస్తే హాప్ చేదునిస్తుంది. దించేముందు వేస్తే వాసననిస్తుంది, చారులో కొత్తిమీరలాగా. ఏది ఎంత, ఎప్పుడు వేయాలన్నదే అసలు కిటుకు. అందుకే ఒక్కో కాపుకు ఒక్కటే మార్చి చూస్తారు.

లేతరంగు బీరులో తప్పు దాగదు. నీళ్లు కఠినమైతే చేదు గొంతు పట్టేస్తుంది. అందుకే చాలామంది ఆర్‌ఓ నీళ్లు వాడతారు. పది డిగ్రీల దగ్గర పులియబెట్టి, ఆపై సున్నాకు దగ్గరగా అయిదారు వారాలు ఆగాలి. అంటే... పిల్సెన్ నీళ్లనూ, సొరంగాల చలినీ వంటింట్లో సృష్టించుకోవడమే!

అన్నీ సృష్టించుకోవచ్చు, హాప్ పూలను తప్ప. వాటికి వేసవిలో వేళకు వాన పడాలి, ఎండ ముదరకూడదు. ఇప్పుడు రెండూ గతి తప్పుతున్నాయి. చెక్ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2023 నాటి అధ్యయనం ప్రకారం 2050 నాటికి ఐరోపాలో సంప్రదాయ హాప్స్ దిగుబడి 4 నుంచి 18 శాతం, చేదునిచ్చే ఆమ్లాలు 20 నుంచి 31 శాతం తగ్గొచ్చు. జాటెట్స్ పరిశోధకులు ఎండకు తట్టుకునే కొత్త రకాల కోసం కృషి చేస్తున్నారు.

చెడిన బీరును పారబోసి మళ్లీ కాచుకోవచ్చు. మారిన రుతువులను పారబోసే వీలెక్కడుంది? జాటెట్స్ తోటలో చేదు తగ్గితే పిల్సెన్ రాగి బాయిలర్ నుంచి ఎక్కడో వంటింట్లోని 20 లీటర్ల గిన్నె దాకా... ఆ లోటు తెలిసిపోతుంది.