జొన్నాడలో దిగండి... పరుగును పట్టండి!

రాజమండ్రిలో బస్సెక్కి రావులపాలెం వెళ్ళినవాళ్ళంతా జొన్నాడ మీదుగా వెళ్ళినవాళ్ళే. కానీ "జొన్నాడ ఎలా ఉంటుంది గురూ?" అని అడిగి చూడండి. "ఆఁ... అదే... వంతెన ముందర వస్తుంది... అటు ఆలమూరు, మండపేట రోడ్డు..." అని నసుగుతారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు! కడియపులంక పూలమొక్కల మీంచి కళ్ళు తిప్పుకునేలోపే జొన్నాడ వచ్చేస్తుంది, వెళ్ళిపోతుంది. కిటికీలోంచి కనిపించేదల్లా ఓ పచ్చటి చార, ఓ గోడ రంగు చార, ఆ తర్వాత తళుక్కుమనే గోదారి. అంతే!

ఇప్పుడు ఆ బస్సు దిగి రోడ్డు పక్కకి వచ్చి నిలబడండి. కథ అడ్డం తిరుగుతుంది. ఊరు నిలకడగా నిలబడుతుంది, బస్సు చారగా మారిపోతుంది. ఎవరు కదులుతున్నారో, ఎవరు నిలబడ్డారో - దాన్నిబట్టే బొమ్మలో ఏది స్పష్టంగా ఉంటుందో, ఏది చెరిగిపోతుందో తేలుతుంది. యాక్షన్ ఫొటోగ్రఫీలో సగం విద్య ఇదే! తెరమీద ఛేజింగులు చూసి ఈలలేసే మనవాళ్ళకి ఆ విద్య నేర్పడానికి జొన్నాడని మించిన బడి లేదంటే నమ్మండి.

ఇంతకీ ఊరు సంగతి

రాజమండ్రికి సుమారు 30 కిలోమీటర్లు. ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదారి పాయలుగా చీలుతుంది కదా, అందులో గౌతమి పాయకి ఎడమ గట్టున జొన్నాడ, కుడి గట్టున రావులపాలెం. మధ్యలో వంతెనలు - పాతదొకటి, కొత్తదొకటి. ఒకప్పుడు అందరూ "ఐదో నెంబరు రోడ్డు" అన్న మద్రాసు-కలకత్తా రహదారే ఇది. 2010లో నెంబర్లు మార్చాక 16 అయింది. ఆలమూరు మండలం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పు గోదావరిలోంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. కోనసీమలో ఉండే కొబ్బరి, అరటి, ఇసుక తిన్నెలు, లంకలు అన్నీ ఇక్కడ ఉన్నాయి. వాటి మధ్యలోంచి దేశం నలుమూలలకీ పోయే లారీలు హోరుమంటూ పోతుంటాయి. నిమ్మళంగా కదిలే నీళ్ళు, గాలిలా పోయే బళ్ళు ఒక్కచోట దొరకడమే జొన్నాడ ప్రత్యేకత!

"షేక్" అయితే అదీ ఇదీ ఒకటేనా?

మన ఫొటో స్టూడియోల భాషలో బొమ్మ చెరిగితే ఒకటే మాట - "షేక్ అయింది, మళ్ళీ తియ్యాలి." పెళ్ళి ఫొటోకైతే సరే. కానీ పరిగెత్తే గుర్రాన్ని, దూసుకుపోయే మోటారుసైకిల్‌ని కొయ్యబొమ్మలా నిలబెట్టేస్తే అందులో పరుగేదీ?

చిన్న లెక్క చెప్పుకుందాం. భయపడకండి, పరీక్షల లెక్క కాదు! గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బస్సు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. కెమెరా షట్టరు సెకనులో వెయ్యోవంతు (1/1000) తెరుచుకుంటే ఆ వ్యవధిలో బస్సు కదిలేది రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. బొమ్మలో చక్రం, ఊచ, నెంబరు ప్లేటు అన్నీ గీసినట్టు కనిపిస్తాయి. బస్సు నడుస్తోందో, టైరు పంక్చరై ఆగిందో దేవుడికే తెలియాలి! అదే షట్టరు సెకనులో ముప్ఫయ్యోవంతు (1/30) తెరుచుకుంటే బస్సు అర మీటరుపైనే జరుగుతుంది. ఎనిమిదోవంతు (1/8) అయితే రెండు మీటర్లు. కెమెరా కదలకుండా ఉంటే బస్సు మొత్తం రంగుల పొగ అయిపోతుంది.

ఇక్కడే అసలు కిటుకు. బస్సుతోపాటు కెమెరాని కూడా అదే వేగంతో తిప్పారనుకోండి... బస్సు స్పష్టంగా నిలుస్తుంది, వెనకున్న అరటితోట చారలు చారలుగా పరిగెడుతుంది. దీన్నే "పానింగ్" అంటారు. చేతిలో బస్సు, వెనకాల వేగం!

తెర మీద చూస్తున్నదంతా ఇదేనండీ!

సినిమా చూస్తూ మీరు ఎప్పుడూ గమనించి ఉండరు. సెకనుకి 24 ఫ్రేములు. మామూలుగా ఒక్కో ఫ్రేము పడేది సెకనులో 48వ వంతు. కెమెరాలో తిరిగే షట్టరు చక్రం సగం తెరిచి, సగం మూసి ఉంటుంది గనక ఆ లెక్క. అందుకే ఫైటు మధ్యలో బొమ్మని ఆపితే హీరోగారి పిడికిలి దూదిపింజలా చెరిగి ఉంటుంది. ఆ చెరుపు వల్లే ఒక ఫ్రేములోంచి ఇంకో ఫ్రేములోకి కదలిక సాఫీగా జారుతుంది. చెరుపు తీసేస్తే బొమ్మ టకటకా కొట్టుకుంటుంది. "సేవింగ్ ప్రైవేట్ ర్యాన్" (1998) యుద్ధం సీన్లలో కెమెరామన్ యానుష్ కమిన్‌స్కీ షట్టరు తెరుపు బాగా తగ్గించి కావాలనే ఆ కొట్టుకోవడం తెప్పించాడు. మట్టి బెడ్డలు, తుంపరలు విడివిడిగా గుచ్చుకున్నట్టుండి చూసేవాడికి వణుకు పుడుతుంది. అంటే చెరుపు ఉండాలా, వద్దా అన్నది కథ అడిగే ప్రశ్న!

మన సినిమాల్లోకి వద్దాం. కె.ఎస్.ఆర్.దాస్ "మోసగాళ్ళకు మోసగాడు" (1971) గుర్రాలు, వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా - తెలుగువాడికి కౌబాయ్ పరుగు రుచి చూపించింది ఆ జంట. "శివ" (1989)లో పాపని సైకిలెక్కించుకుని నాగార్జున సందుల్లో పారిపోయే ఘట్టం గుర్తుందా? ఎస్.గోపాలరెడ్డి కెమెరా. సైకిలు వేగమెంతనీ... గుండె మాత్రం గొంతులోకి వస్తుంది! కెమెరా పరిగెత్తేవాడితోపాటు పరిగెత్తితే పక్కనున్న గోడలు చారలై మనల్ని కూడా లాక్కుపోతాయి. "ఈగ" (2012)కి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది కదా! నిజం ఈగ సెకనుకి దాదాపు 200 సార్లు రెక్కలాడిస్తుంది. ఒక్క ఫ్రేము పడేలోపు నాలుగుసార్లన్నమాట! కంప్యూటర్లో పుట్టిన ఈగకి రెక్కలు చక్కగా గీసి ఊరుకుంటే బొమ్మ ఈగ అయిపోతుంది. అందుకే కంప్యూటర్లో కూడా చెరుపుని పనిగట్టుకుని లెక్కకట్టి చేరుస్తారు. కెమెరాకి ఊరికే వచ్చేదాన్ని అక్కడ కష్టపడి తెచ్చుకోవాలి. చూశారా చిత్రం!

జొన్నాడలో ఎక్కడ నిలబడాలి?

ముందే చెబుతున్నా - వంతెన మీద మాత్రం నిలబడొద్దు. లారీ డ్రైవరు మీ ఫొటో కోసం బ్రేకు వెయ్యడు. పైగా అక్కడ బొమ్మ కూడా బావుండదు. వెనకాల ఉత్త ఆకాశమే ఉంటే ఎంత తిప్పినా చారలు పడవు. చార పడాలంటే వెనక ఏదో ఒకటి - ఆకులు, స్తంభాలు, గోడలు, ఎండా నీడా - ఉండాలి.

మొదటి చోటు, ఆలమూరు వైపు తిరిగే రోడ్డు. రహదారి మీదంత వేగం ఉండదు. సైకిళ్ళు, మోపెడ్లు, బళ్ళు దొరుకుతాయి. చేయి అలవాటవడానికి సైకిలే మంచి గురువు. గంటకి 15 కిలోమీటర్ల సైకిలు 1/15 సెకనులో 28 సెంటీమీటర్లు పోతుంది. తోటకి ఎదురుగా, మట్టి అంచు మీద నిలబడండి. బొమ్మ ఎక్కడ పడాలో అటువైపు పాదాలు పెట్టుకోండి. మోచేతులు డొక్కకి ఆనించి నడుము దగ్గర్నుంచి తిరగండి. సైకిలు దూరంగా ఉండగానే ఫ్రేములోకి తీసుకుని వెంట తిప్పుతూ రండి. ఎదురుకి రాగానే నొక్కండి. నొక్కాక ఆపకండి, ఇంకాస్త దూరం వెంట వెళ్ళండి. క్లిక్కుమనగానే చెయ్యి ఆపేస్తే మొత్తం పాడవుతుంది. ఇరవై తీస్తే ఒకటి కుదిరితే చాలు, పండగే!

మిట్టమధ్యాహ్నం మాత్రం ఈ పని పెట్టుకోకండి. నెమ్మది షట్టరుకి ఎండ పడదు, బొమ్మ తెల్లగా పాలిపోతుంది. తప్పకపోతే లెన్సు ముందు నల్ల అద్దం లాంటి ఎన్.డి. ఫిల్టరు తగిలించాలి. లేకపోతే పొద్దున్నే, లేదా పొద్దువాలాక. సెల్ ఫోనులో అయితే ప్రో మోడ్‌లోకి వెళ్ళి ఐ.ఎస్.ఓ. బాగా తగ్గించి, షట్టరు మీరే నిర్ణయించండి.

రెండో చోటు, నది గట్టు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కెమెరాని స్టాండు మీదో, రాతి మీదో కదలకుండా ఉంచి ఒక సెకను తెరవండి. వంతెన స్తంభాలు రాతిలా నిలుస్తాయి, నీళ్ళు పట్టుచీరలా పరుచుకుంటాయి, కట్టేసిన నావ అలకి ఊగి రెండు మూడు నావలవుతుంది. సాయంత్రం సూర్యుడు రావులపాలెం వైపు దిగుతాడు గనక వెలుగు ఏటి మీంచి మీకెదురుగా వస్తుంది. చీకటి పడ్డాక పది సెకన్లు తెరిచి చూడండి. వంతెన మీద అవతలకి పోయే బళ్ళు ఎర్ర దారాలు, ఇవతలకి వచ్చేవి తెల్ల దారాలు. లారీ ఒక్కటీ కనబడదు, రహదారి మాత్రం మెరుస్తుంది!

బస్సులో ఉన్నా ఒక తమాషా చూడొచ్చు. కిటికీలోంచి ఫోను అడ్డంగా పట్టి వంతెన రెయిలింగుని వీడియో తీయండి. నిలువు కడ్డీలన్నీ వాలిపోయి కనిపిస్తాయి. ఫోను బొమ్మని ఒకేసారి కాకుండా వరసలు వరసలుగా చదువుతుంది మరి. వందేళ్ళకి పైగా అయింది - ఫ్రాన్సులో లార్తీగ్ అనే కుర్రాడు రేసు కారుని తీస్తే చక్రం ముందుకి వాలిన కోడిగుడ్డులా వచ్చింది, వెనకున్న జనం దానికి ఎదురువైపు ఒరిగిపోయారు. అతని కెమెరా షట్టరు కూడా సన్నటి చీలిక జరుగుతూ బొమ్మ పట్టేదే. పాడైందనుకున్న ఆ బొమ్మే తర్వాత వేగానికి గుర్తుగా ప్రపంచమంతా తిరిగింది.

నిలబడ్డ మనిషి

ఇంతవరకూ చెప్పింది చేతి పని. ఇప్పుడు కంటి పని.

బొమ్మ మొత్తం చెరిగిపోతే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మన గోదారివాళ్ళకి చూపించారనుకోండి, "ఏటండీ బాబూ, పేడతో అలికేసినట్టుందేటండీ!" అనేస్తారు. ఆయ్, నిజమే కదండీ! ఏదో ఒక్కటి నిలబడాలి. ఆ ఒక్కటి ఏదన్నదే ఫొటోగ్రాఫరు నిర్ణయం.

రఘురాయ్ 1995లో బొంబాయి చర్చిగేట్ స్టేషన్లో తీసిన బొమ్మ చూడండి. జనం మొత్తం పొగలా ప్రవహిస్తుంటే మధ్యలో ఒకాయన పేపరు చదువుకుంటూ ఉంటాడు. బొంబాయి ఎంత వేగమో ఆయన నిలకడ చెబుతుంది. అంతకు ముందు 1956లో స్పెయిన్‌లో ఎర్నస్ట్ హాస్ ఎద్దుల పోరుని నెమ్మది షట్టరుతో రంగుల్లో తీశాడు. అప్పటి రంగుల ఫిలిం వెలుతురుకి మహా మందకొడి. ఆ ఇబ్బందినే ఆయన అందంగా మలిచాడు. ఎద్దు, మనిషి, ఎర్రగుడ్డ కలిసి ఒకే సుడి!

మరి జొన్నాడలో ఎవరు నిలబడి ఉంటారు? సెంటర్లో సంచీ పట్టుకుని బస్సు కోసం చూసే పెద్దాయన. కొబ్బరి బొండాలు కొట్టే మనిషి. గేలం వేసి కదలకుండా కూర్చున్నవాడు. వాళ్ళ వెనకాల 1/8 సెకను పాటు రహదారిని పోనివ్వండి. లారీలు, కార్లు, ఎక్స్‌ప్రెస్ బస్సులు అన్నీ చారలైపోతాయి, ఆ ఒక్క ముఖం మిగులుతుంది. ఇన్నాళ్ళూ కిటికీలోంచి మనకి చారగా కనిపించింది ఆ ముఖమే! బాకీ తీర్చుకోవడం లాంటిది. అన్నట్టు, తీసేముందు "బాబాయ్ గారూ, ఒక్క ఫొటో తీసుకోనాండీ?" అని అడగడం మరవకండి. తీశాక చూపించండి. ఒప్పుకోకపోతే దణ్ణం పెట్టి పక్కకి రండి.

పండగకి వస్తే ఇంకా మజా!

చేయి కుదిరాక సంక్రాంతికి వంతెన దాటండి. కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ ప్రభలు భుజాల మీద వస్తాయి. పచ్చటి చేలల్లోంచి, కౌశిక నీళ్ళల్లోంచి మోసుకొస్తుంటే ప్రభ నిలువెత్తున ఊగుతుంది, కింద కాళ్ళు, నీళ్ళు, బురద ఒకటైపోతాయి. వేగం షట్టరుతో తీస్తే అందరూ విగ్రహాలు. 1/15తో ప్రభని పట్టుకుని తిప్పితే, ప్రభ నిలిచి కింద జనసముద్రం పొంగుతుంది. జొన్నాడకి దగ్గర్లోనే ఉన్న ఆత్రేయపురంలో 2025 సంక్రాంతికి కాలువ మీద డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. అలాంటిచోట తెడ్లు చెరిగి, డోలు కొట్టేవాడి కళ్ళు నిలిస్తే... అబ్బో!

ఖరీదైన లెన్సు లేదని దిగులు పడే కుర్రాళ్ళకి ఒక్క మాట. సినిమాల్లో కెమెరామన్ కావాలన్నా, కాలేజీ మ్యాగజైనులో ఒక్క బొమ్మ పడాలన్నా ఈ సాధనకి ముందుగా కావలసింది మోచేతి నిలకడ, ఓ పూట తీరిక. రాజమండ్రి నుంచి బస్సు చార్జీ ఎంతోకాదు. సైకిలుకి 1/15, బస్సుకి 1/30, ఏటికి ఒక సెకను - ఈ మూడు అంకెలు చాలు. నిలబెట్టాల్సింది ఏమిటో మాత్రం నేను చెప్పను. జొన్నాడ సెంటర్లో ఓ గంట నిలబడితే మీకే కనిపిస్తుంది!