షెడ్డులో లైటు ఎక్కడ పెట్టాలి

ఈసారి పోస్టు కొంచెం పొడుగే. వానాకాలం రాకముందే చదివితే పనికొస్తుందని రాస్తున్నాం.

రాయగడ, కొరాపుట్, జయపురంలో మనవాళ్ల ఇళ్లు చాలావాటికి పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉంటుంది. సగం బండికి, సగం పనికి. ఒకరింట్లో చెక్కపని, ఒకరింట్లో మోటారు వైండింగు, ఇంకొకరింట్లో కుట్టుమిషను. ఎవరి షెడ్డుకి వెళ్లినా మాకు కనబడేది ఒకటే. నడిమధ్య దూలానికి ఒక ట్యూబ్‌లైటు, గోడవారగా పనిబల్ల. బల్ల దగ్గర నిలబడితే లైటు మన వీపు వెనక ఉంటుంది. మన తల నీడ, భుజం నీడ సరిగ్గా ఉలి పెట్టేచోటే పడతాయి. ఆ నీడలోనే గీత చూసుకుని రంపం ఆడిస్తున్నాం.

ఎలక్ట్రీషియనుకి "షెడ్డుకో పాయింటు పెట్టు బాబూ" అంటే అతను మధ్యలోనే పెడతాడు. అతని తప్పు లేదు, బల్ల ఎక్కడ వస్తుందో మనం చెప్పలేదు కదా. ముందు బల్ల చోటు తేల్చుకోవాలి, తర్వాతే లైటు. ట్యూబు బల్లకి సమాంతరంగా, మనవైపు అంచుకి నాలుగైదు అంగుళాలు లోపలికి, అంటే మనకీ గోడకీ మధ్యలో రావాలి. అప్పుడు నీడ మన వెనక్కి పోతుంది. ఒక్క బల్బే పెట్టేవాళ్లు, కుడిచేతి వాటమైతే ఎడమవైపు ముందుగా పెట్టుకోండి. చేతి నీడ గీతమీద పడదు.

ఎంత వెలుతురు కావాలి? ఇంటిలోపలి వెలుతురు గురించి మన దేశపు ప్రమాణం ఒకటుంది, ఐ.ఎస్. 3646. మోటు చెక్కపనికి 300 లక్సు, సన్నపనికి 750 లక్సు దాని మధ్యస్థ లెక్క. లక్సు అంటే చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్. పది అడుగులకి పన్నెండు అడుగుల షెడ్డు సుమారు 11 చదరపు మీటర్లు. 300తో హెచ్చవేస్తే 3,300 ల్యూమెన్లు. దుమ్ముకీ, నల్లబడ్డ రేకులకీ సగం పోతుందనుకుంటే 6,600. ఇరవై వాట్ల ఎల్ఈడీ ట్యూబు సుమారు 2,000 ఇస్తుంది. అంటే మూడు, నాలుగు ట్యూబులు. మనం నడిపిస్తున్నది ఒక్కదాంతో! గోడలకి సున్నం, రేకుల లోపలివైపు తెల్లరంగు వేయిస్తే మూడింటితో సరిపోవచ్చు. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటిలో చేరేదానిలో మూడో వంతే అంటారు. మన సంఘంలో షెడ్డు పని చేసేవాళ్ల వయసులు మీకూ తెలుసు, మాకూ తెలుసు.

బండివైపు లెక్క వేరు. కారుకి సరిగ్గా నడినెత్తిన లైటు పెడితే వెలిగేది కారు టాపే. బానెట్ ఎత్తామంటే అదే గొడుగులా అడ్డమొస్తుంది. రెండు పక్కలా గోడలకి దగ్గరగా ఒక్కో ట్యూబు ఉంటే ఇంజను లోపల కనబడుతుంది.

పగటి వెలుతురు కోసం రేకుల మధ్య ఫైబరు రేకు ఉత్తరం వాలులో వేయమని పుస్తకాల్లో ఉంటుంది. అవి చలిదేశాలవాళ్లు రాసినవి. కొరాపుట్ సుమారు 18.8 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగానే ఉంటాడు. మేలో ఆ రేకులోంచి ఎండ సూటిగా బల్లమీదకే దిగుతుంది. జూన్ దాటాక మబ్బు, కొండమీద మంచు. మధ్యాహ్నం రెండింటికి కూడా లైటు వేసుకోవాలి. కాబట్టి ఫైబరు రేకు వేయండి గానీ దాన్నే నమ్ముకోవద్దు.

అన్నిటికంటే మాకు భయం కలిగించేది తిరిగే యంత్రాల సంగతి. కట్టింగ్ మిషను లోడు ఎక్కువై ఎంసీబీ పడిందనుకోండి. లైటూ అదే లైనులో ఉంటే షెడ్డంతా చీకటి. బ్లేడు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, చెయ్యి దాని పక్కనే ఉంటుంది. లైట్లకి వేరే ఎంసీబీ, మోటారు ప్లగ్గుకి వేరే ఎంసీబీ ఉండాలి. బల్లమీది ఒక్క లైటైనా ఇన్వర్టరు మీద ఉండాలి, గాలివాన రోజుల్లో మన కరెంటు సంగతి చెప్పేదేముంది. కరెంటు పోగానే మిషను స్విచ్చి ఆపేయండి, తిరిగి వచ్చినప్పుడు దానంతటదే తిరగకుండా.

ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబు సెకనుకి వందసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు. చక్రం వేగం దానికి సరిపడితే తిరుగుతున్న చక్రం ఆగినట్టే కనబడుతుంది. నాసిరకం ఎల్ఈడీల్లోనూ ఈ మినుకు ఉంటుంది. ఫోను కెమెరాలో లైటు చారలు చారలుగా కదిలితే దాన్ని లేతు దగ్గర పెట్టకండి. వరండాకి చాలు.

మేస్త్రీ వచ్చే ముందు రోజు రాత్రి ఒక పని చేయండి. ఎక్స్‌టెన్షను వైరుకి బల్బు కట్టి, ఒకరు నిచ్చెన ఎక్కి పట్టుకోవాలి. బల్లమీద తెల్లకాగితం పరిచి, పెన్సిలు పట్టుకుని మామూలుగా వంగండి. నీడ గీతమీద పడకుండా ఉండేదాకా బల్బు జరిపిస్తూ ఉండండి. అది దొరికిన చోట దూలం మీద సుద్దతో గుర్తు పెట్టేయండి. పైపు బిగించాక మార్చాలంటే మళ్లీ మేస్త్రీని బతిమాలుకోవాలి.