ఉంగరం పోగొట్టుకున్న అతిథి

పరగ్రహవాసి భూమ్మీద దిగి, యిక్కడి బట్టలూ బిడియాలూ మోహాలూ అర్థంగాక తికమకపడటం పాశ్చాత్య దేశాల్లో చవకరకం శృంగార హాస్యచిత్రాలకు సులువైన కథ. అట్టముక్కల రాకెట్టు వొకటి వుంటే చాలు, తక్కిన ఖర్చంతా నటి శరీరమే భరిస్తుంది. మనవాళ్ళకు ఆ రాకెట్టు కూడా అవసరం లేకపోయింది. మనకు స్వర్గం సిద్ధంగా వున్నది గదా!

1961లో కె.వి. రెడ్డి తీసిన 'జగదేకవీరుని కథ'లో ఇంద్రుని కుమార్తె స్నానం చేస్తూవుండగా రాకుమారుడు ఆమె వస్త్రం దాచేస్తాడు. 1990లో కె. రాఘవేంద్రరావు తీసిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రజ ఉంగరం జారవిడుచుకుంటుంది. అది టూరిస్టు గైడు రాజు చేతికి చిక్కుతుంది. 2014లో వచ్చిన రాజ్‌కుమార్ హిరానీ హిందీ చిత్రం 'పీకే'లో పరగ్రహవాసి దిగీ దిగకముందే ఒక దొంగ అతని మెడలోని రిమోటు లాక్కుపోతాడు. వస్త్రమైనా, ఉంగరమైనా, రిమోటైనా వస్తువు ఒకటే: యింటికి తిరిగిపోయే దారి.

అయితే చిత్రమేమిటంటే, మగవాడి దారి పోతే అది దొంగతనం. పీకే దాన్నిగురించి దేవుళ్ళందర్నీ నిలదీసి, చివరకు సంపాదించుకుని వెళ్ళిపోతాడు. ఆడదాని దారి పోతే అది ప్రేమకథ అవుతుంది. ఆమె యిక్కడే వుండిపోవటమే సుఖాంతం.

1990 నాటి చిత్రాన్ని తీసిపారెయ్యటం నా వుద్దేశం కాదు. తుపాను కోస్తాను తాకిన మే 9వ తేదీనే విడుదలై కూడా అది జనాన్ని హాళ్ళకు రప్పించింది. మన మామూలు వస్తువుల్ని చూసి శ్రీదేవి పడే ఆశ్చర్యంలో నిజమైన హాస్యం వున్నది. పరగ్రహవాసి చెయ్యవలసిన పని అదే. మన బతుకును మనకే కొత్తగా చూపటం. కాని ఆ కొత్త చూపు మన ఆస్తులమీదికీ కులాలమీదికీ పోదు. పోతే పాటలకు చోటెక్కడ?

2025 మేలో ఆ చిత్రం త్రీడీలో మళ్ళీ విడుదలయింది. మా ప్రగతి నగర్‌లో హాస్టళ్ళలో వుండే ఆడపిల్లలు కొందరు చూసివచ్చారు. జిల్లాలనుంచి వచ్చి, హైటెక్ సిటీలో వుద్యోగాలకు ప్రయత్నిస్తున్నవాళ్ళు. (ఆ పేరు పెట్టినవారెవరో, వాళ్ళకు ప్రగతిమీద గట్టి నమ్మకమే వుండివుండాలి.)

"ఉంగరం ఇచ్చేస్తే అయిపోయేదిగా, మేడమ్! మొదటి రోజే ఇచ్చెయ్యచ్చు," అన్నది వాళ్ళలో ఒకమ్మాయి. మిగతావాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు డిగ్రీ చదివిన ప్రయివేటు కాలేజీ బీరువాలో వున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి వచ్చేదాకా, లేదా ఆ సొమ్ము ఆమే కట్టేదాకా, అవి బయటికి రావు. ఉద్యోగంలో చేరవలసిన గడువు పదకొండు రోజులున్నది.