బార్బరాకు వయసు రానివ్వలేదు

సూపర్‌మాన్ 1938లో అచ్చులోకి వచ్చాడు. అప్పుడెంత వయసో ఇప్పుడూ దాదాపు అంతే. బ్యాట్‌మాన్ ఆ మరుసటి ఏడాది వచ్చాడు, అతనిదీ అదే వరస. 1962లో హైస్కూల్లో చదువుతున్న స్పైడర్‌మాన్‌కి ఆరు దశాబ్దాలు దాటినా నడివయసు రాలేదు. ఈ వీరులు ముసలివాళ్ళు కావాలా, మారాలా, తప్పుకుని ఇంకొకరికి చోటివ్వాలా అన్నది కామిక్స్ చదివేవాళ్ళ మధ్య తెగని తగువు. ఆ తగువులో ఎక్కువగా వినిపించేవి మగవీరుల పేర్లే. నేను అదే ప్రశ్నని ఒక స్త్రీ పాత్ర పక్కన కూర్చుని అడగాలనుకుంటున్నాను. ఆమె పేరు బార్బరా గోర్డన్. ఆమెతో నాకొక సొంత లెక్క ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు సిద్ధాంతం సంగతి. ఉంబెర్తో ఎకో 1962లో సూపర్‌మాన్ మీద ఒక వ్యాసం రాశాడు. పురాణ వీరుడి కథ అందరికీ ముందే తెలుసు, ఎప్పుడో అయిపోయింది. నవలా నాయకుడి కథ మన కళ్ళముందు జరుగుతుంది, జరిగేకొద్దీ అతని ఆయుష్షు ఖర్చవుతుంది. సూపర్‌మాన్ ఈ రెండింటి మధ్యా చిక్కుకున్నాడు. పురాణ పురుషుడిలా మారకుండా ఉండాలి, నెలనెలా కొత్త కథ మాత్రం జరగాలి. అందుకని నిన్న జరిగింది ఇవాళ్టికి అంటకుండా ప్రతి కథా మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. ఏదైనా వెనక్కి తీసుకోలేని పని చేస్తే అతను చావు వైపు ఒక అడుగు వేసినట్టే. ఎకో దృష్టిలో పెళ్ళి అలాంటి అడుగు.

ఇక్కడే నేను ఆగిపోతాను. మగవాడి యవ్వనం నిలవాలంటే పెళ్ళి జరగకూడదు. మరి ఆ జరగని పెళ్ళికి ఎదురుగా నిలబడిన స్త్రీ సంగతేమిటి? లోయిస్ లేన్ సూపర్‌మాన్ వచ్చిన మొదటి సంచికలోనే ఉంది. ఉద్యోగం చేసుకుంటున్న విలేకరి. ఆమెకు 1996లో పెళ్ళి చేశారు. 2011లో ప్రచురణకర్తలు తమ లోకాన్నంతటినీ కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఆ పెళ్ళి అసలు జరగలేదన్నారు. స్పైడర్‌మాన్, మేరీ జేన్‌ల పెళ్ళి 1987లో జరిగింది. 2007లో, చావుబతుకుల్లో ఉన్న పెద్దావిడని బతికించడం కోసం వాళ్ళిద్దరూ తమ పెళ్ళిని ఒక సైతానుకి ధారపోశారు. భార్య ఉంటే కుర్రవాడు పెద్దవాడిలా కనిపిస్తున్నాడన్నది సంపాదకుల బాధ. విడాకులిప్పిస్తే ఇంకా పెద్దవాడవుతాడు కాబట్టి, ఆ ఇరవై ఏళ్ళ కాపురాన్ని జ్ఞాపకంతో సహా చెరిపేశారు.

చెరపడం కుదరనిచోట చంపడం ఉంది. స్పైడర్‌మాన్ ప్రేమించిన గ్వెన్ స్టేసీని 1973లో చంపారు. 1994లో గ్రీన్ లాంటర్న్ ప్రియురాలు అలెగ్జాండ్రాని చంపి శవాన్ని ఫ్రిజ్‌లో పెట్టారు. 1999లో గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఇలా చచ్చిపోయిన, చెరచబడ్డ, శక్తులు పోగొట్టుకున్న స్త్రీ పాత్రల జాబితా ఒకటి తయారుచేసింది. దానికి ఆ ఫ్రిజ్ పేరే పెట్టింది. ఆ తర్వాత ఆమే పేరున్న కామిక్స్ రచయిత్రి అయింది. ఆ జాబితా చూస్తే నాకొకటి అర్థమయింది. కాలం నడవని కథల్లో కూడా ఏదో ఒకటి జరిగినట్టు కనిపించాలి కదా. వీరుడి ఒంటిమీద జరగడానికి వీల్లేదు. అందుకని పక్కనున్న ఆడవాళ్ళ ఒంటిమీద జరుగుతుంది.

బార్బరా గోర్డన్ అలా బలైన వాళ్ళలో ఒకతె. 1967 జనవరి సంచికలో ఆమె తొలిసారి కనిపించింది. గోథమ్ నగర గ్రంథాలయానికి అధికారిణి, పిహెచ్.డి. పట్టా ఉన్న మనిషి. రాత్రిళ్ళు బ్యాట్‌గర్ల్. పిహెచ్.డి. చేసినా 'గర్ల్' అనే పిలిచారు, అది వేరే వ్యాసం. 1988లో అలన్ మూర్ రాసి, బ్రయాన్ బోలండ్ బొమ్మలు వేసిన 'ది కిల్లింగ్ జోక్' వచ్చింది. అందులో ఆమె తలుపు తీస్తుంది, జోకర్ కాలుస్తాడు. వెన్నుపూస దెబ్బతింటుంది. బట్టలు విప్పి ఫొటోలు తీస్తాడు. ఇదంతా ఆమె తండ్రికి పిచ్చెక్కించడానికి. ఆ కథ ఇద్దరు మగవాళ్ళ మధ్య యుద్ధం గురించి. ఆమె అందులో ఒక ఆయుధం, అంతే.

అయితే కథ అక్కడితో ముగియకపోవడానికి కారణం కిమ్ యేల్ అనే రచయిత్రి. భర్త జాన్ ఆస్ట్రాండర్‌తో కలిసి ఆమె 'సూయిసైడ్ స్క్వాడ్' రాసేది. 1989లో ఆ కథల్లో ఒరాకిల్ అనే పేరుతో ఒక అజ్ఞాత వ్యక్తి కంప్యూటర్ ద్వారా సమాచారం పంపడం మొదలుపెడుతుంది. అది చక్రాల కుర్చీలో ఉన్న బార్బరా అని పాఠకులకి తర్వాత తెలుస్తుంది. లైబ్రేరియన్ కదా, సమాచారమే ఆమె ఆయుధమయింది. 1996లో ఆ దంపతులే ఆమె ఒరాకిల్‌గా మారిన క్రమాన్ని ఒక కథగా రాశారు. ఆస్పత్రి మంచం, కోపం, కుర్చీలో కూర్చునే కర్రలతో పోరాడటం నేర్చుకోవడం, అన్నీ ఉన్నాయి అందులో. మరుసటి ఏడాదే కిమ్ యేల్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె నిలబెట్టిన ఒరాకిల్ మాత్రం పెద్దదయింది. 'బర్డ్స్ ఆఫ్ ప్రే'లో ఒక స్త్రీల దళానికి నాయకురాలయింది. 2003 నుంచి ఆ కథలు రాసింది గెయిల్ సిమోనే.

ఇరవై రెండేళ్ళపాటు, వయసు రాని ఆ లోకంలో, ఒక స్త్రీకి వయసు వచ్చింది. ఒంటికి జరిగింది వెనక్కి పోలేదు. పని మారింది, స్నేహాలు మారాయి, బ్యాట్‌మాన్‌తో మాట్లాడే తీరు మారింది. ఒకప్పుడు అతని వెనక పరిగెత్తిన పిల్ల, ఇప్పుడతను సమాచారం కోసం ఎదురుచూసే మనిషి. ఎకో చెప్పిన ఆ వెనక్కి తీసుకోలేని అడుగు ఆమె వేసింది, వేసి బతికింది.

ఇక నా లెక్క. 2013లో, పిహెచ్.డి. మూడో సంవత్సరంలో ఉండగా, స్కూటీ మీద వెళ్తున్న నన్ను లారీ గుద్దింది. కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది. మూడు ఆపరేషన్లు, ఏడాదికి పైగా మంచం, తర్వాత వాకర్, తర్వాత చేతికర్ర. కర్ర ఇప్పటికీ ఉంది. లావు పుస్తకాలు పట్టుకోలేక అవస్థపడుతున్నానని మా తమ్ముడు ఆబిడ్స్ ఆదివారం బజారులో ఫుట్‌పాత్ మీద ఒక కట్ట బొమ్మల పుస్తకాలు కొనుక్కొచ్చాడు. వాటిలో 'బర్డ్స్ ఆఫ్ ప్రే' పాత సంచికలు కొన్ని ఉన్నాయి. అట్టలు చిరిగి, వరస లేకుండా. సాహిత్యంలో నేను చదివిన వికలాంగ స్త్రీలు జాలి కోసమో, శాపం కోసమో, చివర్లో ఎవరో త్యాగం చేసి పెళ్ళాడటం కోసమో ఉండేవాళ్ళు. ఈమెకు మాత్రం రోజూ చేయాల్సిన పని ఉంది. పని ఎక్కువై విసుక్కుంటోంది కూడా. ఆ విసుగు నాకెంత నచ్చిందో చెప్పలేను.

అప్పట్లో మా ఇంటికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, "మళ్ళీ ఎప్పటిలా ఎప్పుడవుతావమ్మా?" మా మేనత్త సంబంధాలకి పంపడానికి కర్ర కనపడకుండా ఫొటో తీయించింది. నేను చదివిన విభాగం రెండో అంతస్తులో, లిఫ్టు లేని భవనంలో ఉండేది. సెమినారు ఎప్పుడు ఇవ్వాలని అడిగితే, "తొందరేముంది, కోలుకున్నాక చూద్దాం" అన్నారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ నా మంచి కోరినవాళ్ళే. కానీ వాళ్ళు ఎదురుచూస్తున్నది 2012లో ఉన్న నా కోసం. ఎదురుగా కూర్చుని అధ్యాయాలు రాస్తున్న మనిషి వాళ్ళకి తాత్కాలికం.

మిగతా సంచికల కోసం వెతకబోతే తెలిసింది, నేను ఒరాకిల్‌ని కలిసేనాటికే ఒరాకిల్ లేదు. 2011 సెప్టెంబరులో, లోయిస్ లేన్ పెళ్ళిని రద్దుచేసిన ఆ కొత్త ఆరంభంలోనే, బార్బరాని నడిపించి మళ్ళీ బ్యాట్‌గర్ల్‌ని చేశారు. చికిత్సతో నయమైందన్నారు. కుర్చీలో ఆమె గడిపినది మూడేళ్ళేనన్నారు. వికలాంగులైన పాఠకులు చాలామంది అప్పుడే గట్టిగా నిరసన చెప్పారు.

ఆ మార్పుకి అనుకూలంగా ఒక వాదన ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే అది కూడా స్త్రీవాద వాదనే. 1993లో బేన్ అనేవాడు బ్యాట్‌మాన్ వెన్ను విరగ్గొట్టాడు. మరుసటి ఏడాదికల్లా బ్యాట్‌మాన్ మళ్ళీ నడిచాడు. సూపర్‌మాన్ 1992లో చచ్చిపోయి 1993లో తిరిగొచ్చాడు. మగవాళ్ళు చావు నుంచి కూడా లేచి వచ్చే లోకంలో, జోకర్ చేసిన గాయాన్ని ఈమె ఒక్కతే ఎందుకు మోయాలి? న్యాయమైన ప్రశ్న. పైగా కొత్త బ్యాట్‌గర్ల్ రాసింది గెయిల్ సిమోనే. మొదటి సంచికలోనే తనవైపు తిరిగిన తుపాకిని చూసి బార్బరా కొయ్యబారిపోతుంది. కాళ్ళు నయమైనా భయం నయం కాలేదని రచయిత్రి మర్చిపోలేదు.

అయినా నేను ఒప్పుకోలేను. అన్యాయం 1988లో జరిగింది. 2011లో చెరిపేసింది ఆ అన్యాయాన్ని కాదు. జోకర్ కాల్చడం కథలో అలాగే ఉంది. పోయింది దాని తర్వాత ఇద్దరు ముగ్గురు రచయిత్రులూ, ఆ పాత్రా కలిసి కట్టుకున్న జీవితం. 2014లో ఇంకో అడుగు వెనక్కి వేశారు. బార్బరాని బర్న్‌సైడ్ అనే పేటకి మార్చి, పరిశోధక విద్యార్థినిని చేశారు. 1967లోనే డాక్టరేట్ ఉన్న మనిషి నలభై ఏడేళ్ళ తర్వాత మళ్ళీ సిద్ధాంత వ్యాసం కోసం తంటాలు పడుతోంది! హాయిగా, సరదాగా ఉన్న కథలే అవి. కానీ మనలో ఎవరి పట్టానైనా అలా వెనక్కి తీసుకుంటే నవ్వగలమా?

ఇంకొక నష్టం కూడా ఉంది. బార్బరా పక్కకి జరిగినందువల్లే బ్యాట్‌గర్ల్ ముసుగు 1999లో కసాండ్రా కెయిన్ అనే అమ్మాయికి వచ్చింది. మాటలు నేర్పకుండా పెంచిన ఆ పిల్లకి ఒరాకిల్ అండగా నిలబడింది. 2009లో స్టెఫనీ బ్రౌన్ ఆ పేరు తీసుకుంది. 2011లో బార్బరా తిరిగిరాగానే వీళ్ళిద్దరూ కొన్నేళ్ళపాటు కనపడకుండా పోయారు. పెద్దవాళ్ళకి వయసు రానివ్వకపోతే పిల్లలకి పుట్టే చోటు ఉండదు. వారసత్వం గురించి మాట్లాడే మనకి ఇది కొత్త సంగతి కాదు. 2021 చివర్లో మొదలై 2023 దాకా నడిచిన 'బ్యాట్‌గర్ల్స్'లో ఆ ఇద్దరు పిల్లలూ ముసుగులు వేసుకున్నారు, బార్బరా మళ్ళీ ఒరాకిల్‌గా వాళ్ళకి తోడు నిలిచింది. సంతోషమే. అయితే నడిచే ఒరాకిల్.

ఎవరూ చావకుండా పేరు చేతులు మారడం సాధ్యమేనని మార్వెల్ ఒకసారి చూపించింది. 2012లో కెరల్ డాన్వర్స్ కెప్టెన్ మార్వెల్ అయింది. ఆమె వదిలిన మిస్ మార్వెల్ పేరుని 2014లో జెర్సీ సిటీలోని పాకిస్తానీ కుటుంబపు పిల్ల కమలా ఖాన్ తీసుకుంది. రాసింది జి. విల్లో విల్సన్, సంపాదకురాలు సనా అమానత్. శక్తులు రాగానే కమల ముందు కెరల్‌లా బంగారు జుట్టుతో మారిపోతుంది, తర్వాత తన మొహంతోనే ఉండటం నేర్చుకుంటుంది. ఒక పేరు ఇంకొకరికి ఎలా అందాలో ఇంతకంటే బాగా చెప్పిన కథ నేను చదవలేదు. 2023లో ఆ కమలనీ చంపారు, అదీ స్పైడర్‌మాన్ పత్రికలో. కొన్ని నెలల్లోనే బతికించారనుకోండి.

ఇదంతా రచయితల చేతకానితనం కాదు. సృష్టికర్తలు సూపర్‌మాన్‌ని 1938లో 130 డాలర్లకి అమ్మేశారు. అప్పటినుంచి అతను ఒక ఆస్తి. ఆస్తి అరగకూడదు, అంతే. పాత్రలు రాసినవాళ్ళ చేతిలోనే ఉన్నచోట వయసు దర్జాగా వస్తుంది. జేమీ హెర్నాండెజ్ 1980ల మొదట్లో 'లవ్ అండ్ రాకెట్స్'లో గీసిన మ్యాగీ అప్పుడు పడుచుపిల్ల, ఇప్పుడు ఒళ్ళు చేసిన నడివయసు మనిషి. కెనడాలో లిన్ జాన్‌స్టన్ 1979లో మొదలుపెట్టిన కుటుంబ కార్టూన్‌లో తల్లి ఎలీ, పిల్లలు, దాదాపు మూడు దశాబ్దాలు పాఠకులతోపాటే పెరిగారు. వయసొస్తే పాఠకులు పారిపోతారన్న భయానికి ఆధారం లేదని వీళ్ళు చూపించారు.

కాబట్టి నా జవాబు ఇది. వయసు రావాలి. పేర్లు చేతులు మారాలి, శవాలు లేకుండా. మార్పు మాత్రం జరిగినదాని మీద నిలబడాలి.

మన భాషలో ఈ పని ఎప్పుడో జరిగింది. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖని కలుసుకుంటుంది. రామలక్ష్మణుల మధ్య ఆట బొమ్మై ముక్కుచెవులు పోగొట్టుకున్న మనిషి ఆమె. ఓల్గా ఆమెకి ముక్కు తిరిగి అతికించలేదు. ఒక తోటని ఇచ్చింది. ఆ తోటని పెంచిన చేతులనిచ్చింది. ఆ పని నుంచి వచ్చిన చూపునిచ్చింది. పాఠం చెప్పినప్పుడు నేను ఈ కథ పక్కన ఒరాకిల్‌ని పెట్టి చెబుతాను. రెంటిలోనూ రచయిత్రులు అడిగింది ఒకే ప్రశ్న: ఇది జరిగాక ఈమె ఏం చేసింది?

నా వైవా 2017లో జరిగింది. నేను పై అంతస్తు ఎక్కలేనని లిఖితపూర్వకంగా ఇచ్చాక పరీక్షకులే కిందికి దిగివచ్చారు. ఆ భవనానికి ఆ తర్వాత ర్యాంపు వచ్చింది, లిఫ్టు ఇంకా రాలేదు. చక్రాల కుర్చీలో వచ్చే ఒక అమ్మాయి ఈ ఏడాది అక్కడ పరిశోధనలో చేరింది. లిఫ్టు కోసం ఇద్దరం కలిసి మళ్ళీ అర్జీ పెట్టాం.