ఐదొందలన్నది నేనే

ఊనో ఆట ఎంతసేపు పడుతుందని ఎవరడిగినా పది నిమిషాలని చెప్పేవాణ్ణి. అబద్ధమేమీ కాదు. నలుగురం కూర్చుని, తలా ఏడు ముక్కలు పంచుకుని, ఒకరి చేతిలో ముక్కలు అయిపోయేదాకా ఆడితే మా ఇంట్లో సుమారుగా అంతే పట్టేది. ఆ పది నిమిషాల లెక్కను నమ్ముకునే ఒక సంక్రాంతికి మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చాను.

మాది ఆత్మకూరు. పండక్కి అక్కా బావా ఉదయగిరి నుంచి వస్తారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనకోడలు, హైదరాబాదులో చదువుకునే మావాడు నెల్లూరులో దిగి, సంగం మీదుగా బస్సులో ఇల్లు చేరతారు. పండగ మూడు రోజులూ భోజనాలయ్యాక వసారాలో చాప పడాల్సిందే. మా నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ చాప మీద పదమూడు ముక్కల రమ్మీ నడిచేది. ఆయన పోయాక పిల్లలకు ఆసు, జాకీ, ఇస్పేటు, కళావరు అంటే విసుగొచ్చింది. ఒక ఏడు మేనకోడలు ఊనో పెట్టె తెచ్చింది. రంగు మీద రంగు, అంకె మీద అంకె వేసుకుంటూ పోవడమే. నేర్చుకోవడానికి ఒక్క పంపకం చాలు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మంగలి షాపు నడిపే మెర్ల్ రాబిన్స్ అనే ఆయన 1971లో దీన్ని తయారుచేశాడు. మామూలు పేకతో ఆడే 'క్రేజీ ఎయిట్స్' ఆట నియమాల మీద కొడుకుతో వాదన వచ్చి, ఆ వాదనలోంచి ఈ ఆట పుట్టిందని చెబుతారు. ఇంటిల్లిపాదీ డబ్బులు పోగేసి మొదట 5,000 పెట్టెలు చేయించారట. 1992 నుంచి అది మాటెల్ కంపెనీ చేతిలో ఉంది. తండ్రీకొడుకుల తగువులోంచి వచ్చిన ఆట కాబట్టి మా వసారాలో ఇట్టే ఇమిడిపోయింది.

ఆ రోజు కనుమ. చీకటి పడ్డాక అక్కా, నా భార్యా వీధి చివర బంధువులింటికి పేరంటానికి వెళ్ళారు. అమ్మకు సూది వేసి అన్నం పెట్టడం నా వంతు. ఆమెకు చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు. ఆమెకు రాసిన ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు వేయాలి. ఏడున్నరకు వేశాను. ఎనిమిదికి అన్నం పెట్టాలి. మధ్యలో అరగంట ఉంది.

చాప మీద ఆట సగంలో ఉంది. నాకు 430, బావకు 390, మేనకోడలికి 310, మావాడికి 280. ముందు 500 చేరినవాళ్ళదే గెలుపు. ఒక మంచి పంపకం పడితే నేను దాటేస్తాను. పంపకానికి పది నిమిషాలు, అరగంటకు మూడు పంపకాలు, మూడింట్లో ఒక్కటి గెలవలేనా అనుకున్నాను. నేను వేసుకున్న లెక్కంతా అదే.

మొదటిది బావ గెలిచాడు. రెండోది మేనకోడలు. మూడోది పంచేసరికే ఎనిమిది కావస్తోంది. నా చేతిలో రెండే ముక్కలు మిగిలినప్పుడు లోపలి గదిలోంచి అమ్మ, "అబ్బాయా, అన్నం పెడతావా?" అని అడిగింది. "వస్తన్నానమ్మా, ఐదు నిమిషాలు" అన్నాను. అంతలో మావాడు నాలుగు తీసుకోమనే నల్లముక్క నా నెత్తిన వేశాడు. నా మొహం చూసి బావ నవ్వుతూ, "మా ఉదయగిరి కోట ముట్టడి 1513లో మొదలైతే 1514లో గానీ రాయలవారికి చిక్కలేదు. నీ ఐదొందలకు అప్పుడే తొందరేంది బామ్మర్దీ" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మ మళ్ళీ పిలవలేదు. అన్నం కోసం రెండోసారి అడగడం ఆమెకు నామోషీ. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, పిలవలేదు కదా అని ఊరుకున్నాను.

ఆ పంపకం మావాడు గెలిచాడు. అప్పటికి ముగ్గురు గెలిచినా ఒక్కరూ 500 దాటలేదు. నా 430 అలాగే ఉంది. నాలుగోది పంచమని నేనే అన్నాను. మేనకోడలు ముక్కలు కలుపుతూ ఆగి, "అవ్వ అన్నం తినిందా మామా?" అంది. గడియారం చూస్తే ఎనిమిదిన్నర దాటింది.

వెళ్ళేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి మా మేనమామ పేరు పెట్టి పిలిచింది. చక్కెర చూసే మిషన్ 52 చూపించింది. 70 కంటే దిగితేనే ప్రమాదం కింద లెక్క. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాం. మింగే తెలివి ఉంది కాబట్టి సరిపోయింది. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలని డాక్టరు తర్వాత చెప్పారు. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 80 దాటింది. అప్పుడు అన్నం కలిపి పెట్టాం. తిన్నాక నన్ను నా పేరుతో పిలిచింది.

పేరంటం నుంచి ఆడవాళ్ళు తిరిగొచ్చాక నేను చేసిన పని ఇంకా సిగ్గుచేటు. "ఒక పట్టాన తెమలని పాడు ఆట ఇంట్లోకి తెచ్చారు" అని పిల్లల మీద కేకలేశాను. మేనకోడలు ఏమీ అనకుండా స్కోరు చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. "మధ్యాహ్నం నేను రెండొందలకు ఆడదామన్నా మామా. ఐదొందలన్నది నువ్వే" అంది. నిజమే. పెట్టెలోని కాగితం చదివి, అందులో 500 అని ఉంది, ఆడితే పూర్తి ఆట ఆడాలి, లేకుంటే మానుకోవాలి అని పట్టుబట్టింది నేనే. ఆ మాట అన్నప్పుడు అది ఎంతసేపటి ఆటో నేను చూసుకోలేదు.

పండగ వెళ్ళి పిల్లలు ఊరికి పోయాక ముక్కలు ముందేసుకుని ఆ లెక్క చూశాను. మా పెట్టెలో 108 ముక్కలున్నాయి. ఈమధ్య వచ్చే కొన్ని పెట్టెల్లో 112 ఉంటున్నాయి. అంకెల ముక్కకు దాని మీద ఉన్న అంకే విలువ. వంతు తప్పించేవి, తిరగేసేవి, రెండు తీయించేవి ఒక్కొక్కటి 20. నల్లముక్కలు ఒక్కొక్కటి 50. మొత్తం 108 కలిపితే 1,240 వస్తుంది. అంటే సగటున ముక్కకు పదకొండున్నర. ముందుగా ముక్కలు వదిలించుకున్నవాళ్ళకు, మిగతావాళ్ళ చేతుల్లో మిగిలిన ముక్కల విలువంతా చేరుతుంది. ఓడిన ముగ్గురి దగ్గర కలిపి తొమ్మిది ముక్కలు మిగిలాయనుకుంటే గెలిచినవాళ్ళకు సుమారు వంద.

పంపకానికి వంద చొప్పున, ఒకే మనిషి వరుసగా గెలిస్తే అయిదు పంపకాల్లో ఆట అయిపోతుంది. నలుగురూ సమానంగా గెలుస్తూ పోతే పదహారు పంపకాలయ్యాక కూడా తలా నాలుగొందల దగ్గరే ఉంటారు. పదిహేడోదానికి గానీ తెగదు. పంపకానికి పది నిమిషాలంటే తక్కువలో తక్కువ యాభై నిమిషాలు, ఎక్కువైతే దగ్గర దగ్గర మూడు గంటలు. ఇందులో 108 ముక్కలు కలిపే సమయం, కూడికలు, తగువులు లెక్కలోకి రాలేదు. ఆడేవాళ్ళు సమఉజ్జీలైన కొద్దీ ఆట సాగుతుంది. ఆ రాత్రి మేం నలుగురం ఒకరికొకరం తీసిపోలేదు. అరగంటలో తేలుతుందని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు, గెలవాలన్న ఆశ తప్ప.

దీనికి తోడు ఇంటి నియమాలు. పెట్టెలోని కాగితం ప్రకారం వేయడానికి ముక్క లేనివాళ్ళు పేకలోంచి ఒకటే తీయాలి. పనికొస్తే వేయొచ్చు, లేకుంటే వంతు దాటిపోతుంది. మేం పనికొచ్చే ముక్క దొరికేదాకా తీయించేవాళ్ళం. రెండు తీయించే ముక్క మీద ఇంకో రెండు వేసి పక్కవాళ్ళ మీదికి తోసేవాళ్ళం. ఇది నియమం కాదని కంపెనీవాళ్ళే చెప్పారు. ఏడు పడితే ఇద్దరు చేతిముక్కలు మార్చుకోవడం, సున్నా పడితే అందరూ పక్కకు అందించడం కూడా మావాడు చేర్చాడు. ఇవన్నీ మంచి తమాషానే. కానీ ప్రతి ఒక్కటీ గెలవబోతున్నవాడి చేతిని మళ్ళీ నింపేస్తుంది. పెట్టెలో ఉన్న ఐదొందలను మాత్రం దేవుడి మాటలా పట్టుకున్నాను. ఆటను పొట్టి చేసే నియమాలు అదే కాగితం మీద ఉంటే వాటిని వదిలేశాను.

నాన్న కాలంలో ఈ గొడవ లేదు. రమ్మీ కూడా పొట్టి ఆటేమీ కాదు. వాళ్ళు 201కి ఆడేవారు. షో పడినప్పుడు చేతిలో ముక్కలు కుదరనివాళ్ళ లెక్క పెరుగుతుంది, ఎంత పోయినా ఒక ఆటకు 80 మించదు, 201 చేరినవాళ్ళు లేచిపోవాలి. లేచినవాళ్ళను మళ్ళీ కూర్చోనిస్తే అది ఇంకా సాగేది. కానీ ఆపే అధికారం ఆడేవాళ్ళ చేతిలో ఉండేది కాదు. దీపాలు పెట్టే వేళకు అమ్మ వసారాలోకి వచ్చి నిలబడేది. ఎవరి లెక్క ఎంతున్నా పేక కట్టేయాల్సిందే. స్కోరు చీటీ గోడ మీది క్యాలెండరు వెనక దోపి, మర్నాడు తీసి అక్కణ్ణుంచి మొదలుపెట్టేవారు. నాన్న నుంచి చాప తీసుకున్నాను, పేకాట మోజు తీసుకున్నాను. అమ్మ పెట్టిన హద్దును మాత్రం వదిలేశాను. ఆమె మంచాన పడ్డాక వసారాలోకి వచ్చి నిలబడేవాళ్ళు లేరని నాకు తోచనే లేదు.

వేగంగా నడిచే ఆట త్వరగా అయిపోతుందని మనకొక భ్రమ. ఒక్కొక్క వంతు రెండు మూడు క్షణాల్లో దాటిపోతుంటే కాలం తెలియదు, మరో పంపకానికి సిద్ధమవుతాం. ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే రమ్మీ నడిచిందీ ఈ కిటుకు మీదే. ముక్క వేయడానికి క్షణాల గడువు ఉండేది. లేవడానికి గడువుండేది కాదు. రమ్మీ నేర్పుతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. అయినా ఫోన్లో పందెం రమ్మీ కొంపలు ముంచుతోందని మన రాష్ట్రం 2020లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మా వసారాలో పైసా పందెం లేదు. అయినా నేను లేవలేకపోయాను. పందెం లేని ఆటకు ప్రమాదం లేదని అనుకోవడం కూడా నా తప్పుల్లో ఒకటి.

ఇప్పుడు మా ఇంట్లో 500 లేదు. ఎంతమంది కూర్చుంటే అన్ని పంపకాలు. ప్రతివాళ్ళూ ఒకసారి పంచితే ఆట అయిపోయినట్టే. అప్పటికి ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళే గెలిచినట్టు. మధ్యలో లేవాల్సి వస్తే ముక్కలు అక్కడే పరిచేసి, ఎవరి చేతిలో తక్కువ విలువుంటే వాళ్ళకు ఆ పంపకం ఇచ్చేస్తాం. ముక్క లేనివాళ్ళు ఒకటే తీస్తారు. మావాడి ఏడు, సున్నా మధ్యాహ్నం పూట మాత్రమే. గడియారం చూసే పని ఆడనివాళ్ళది. గెలుస్తున్నవాడి చేతికీ ఓడుతున్నవాడి చేతికీ ఆ పని ఇవ్వం. గెలిచేవాడు ఇంకొకటి చాలంటాడు, ఓడేవాడు ఇంకొకటి కావాలంటాడు. ఇక సూది వేసే పూట, అమ్మ అన్నం తినేదాకా నేను చాప మీద కూర్చోను.

ఈ పండక్కి మీ ఇంట్లోనూ ముక్కలు పడతాయి. పడాలి కూడా. పంచకముందే ఎన్ని పంపకాలో గట్టిగా చెప్పుకోండి. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే పెద్దవాళ్ళుంటే పళ్ళెం సిద్ధంగా పెట్టుకున్నాకే సూది తీయండి. లోపలి గదిలోంచి ఒక్క పిలుపు వినిపిస్తే ముక్కలు బోర్లించి లేవండి, రెండో పిలుపు రాకపోవచ్చు.