పడుతూనే ఉన్న చంద్రుడు

చెట్టునుంచి తెగిన కొబ్బరికాయ నేలమీద పడుతుంది. మరి చందమామ ఎందుకు పడడు? ఈ ప్రశ్న ఫిజిక్సు పుస్తకంలో చదవకముందే మా నాయనమ్మ నోట విన్నాను. "దేవుడు పట్టుకున్నాడ్రా" అని ఆవిడే జవాబూ చెప్పేది. బి.ఎస్సీ.లో చేరాక న్యూటన్ మహాశయుడి జవాబు అంతకన్నా వింతగా తోచింది: చంద్రుడు అనుక్షణం పడుతూనే ఉన్నాడు!

లెక్క చిన్నదే. నేల దగ్గర వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూకేంద్రం నుంచి చంద్రుడి దూరం భూమి వ్యాసార్ధానికి దాదాపు 60 రెట్లు. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతవుతుంది గనుక, అక్కడ అది 3600వ వంతు. అంటే సెకనులో చంద్రుడు భూమివైపు జారేది 1.4 మిల్లీమీటర్లకంటే తక్కువే. వడ్లగింజ మందమైనా ఉండదు. కాని అదే సెకనులో పక్కకు సుమారు కిలోమీటరు పరుగెత్తుతాడు. ఆ పడటమూ ఈ పరుగూ కలిసి దారి గుండ్రంగా వంగుతుంది. కాయను లాగేదీ చంద్రుణ్ణి లాగేదీ ఒకే బలమని 1687లో వెలువడిన "ప్రిన్సిపియా" గ్రంథంలో న్యూటన్ ఇలాగే లెక్కవేసి చూపాడు.

సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల కథా ఇదే. దగ్గరున్న బుధుడు 88 రోజుల్లో చుట్టివస్తే, ఎక్కడో దూరానున్న నెప్ట్యూనుకు సుమారు 165 ఏళ్లు పడుతుంది. మనిషి ఎగరేసిన ఉపగ్రహాలకూ వేరే చట్టం లేదు. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమి తిరిగే వేగానికి సరిగ్గా జత కలిపి, ఒకేచోట నిలిచినట్టుండి మబ్బుల్ని కనిపెడుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన మా దివిసీమ పెద్దలకు ఆ కాపలా విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఉప్పెన తుపాను గాలి పని. రోజూ వచ్చే పోటు మాత్రం చంద్రుడి పని. చంద్రుడు తనవైపున్న నీటిని భూకేంద్రాన్ని లాగినదానికంటే కాస్త ఎక్కువగా, అవతలివైపు నీటిని కాస్త తక్కువగా లాగుతాడు. ఈ తేడావల్లనే రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. అందుకే మనకు రోజుకు రెండు పోట్లు. సూర్యుడు భూమిని చంద్రుడికన్నా సుమారు 180 రెట్లు గట్టిగా లాగుతాడు గాని, అంత దూరంనుంచి ఈ దరికీ ఆ దరికీ ఉండే తేడా స్వల్పం. కాబట్టి పోటులో ఆయన వంతు చంద్రుడి వంతులో సగంకూడా లేదు. అమావాస్యకూ పున్నమికీ ఇద్దరూ ఒకే వరసలోకి వస్తారు, పోటు పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది.

గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటు 10 మీటర్ల దాకా లేస్తుంది. మా తీరాన అది మామూలుగా మనిషి ఎత్తైనా ఉండదు. అయినా మాది బల్లపరుపు నేల. పున్నమి పోటుకు ఉప్పునీరు మురుగు కాలువలోకి ఎగదన్నుతుంది. కాలువ మొగన తలుపులు తుప్పుపట్టి సరిగా మూతపడక, రెండేళ్లకిందట మా నారుమడి మాడిపోయింది. అప్పుడు నాన్న అడిగారు: "చంద్రుడి లెక్కలు చదువుతున్నావు గదా, ఆ నీళ్లు ఆపగలవట్రా?"

ఆపలేను. ఎప్పుడొస్తాయో మాత్రం చెప్పగలను. చంద్రుడు తానూ ముందుకు నడుస్తుంటాడు గనుక పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ముఖ్యమైన రేవులకు సర్వే ఆఫ్ ఇండియా వారు ఏటా పోటు వేళల పట్టికలు ముందుగానే అచ్చువేస్తారు. రేవులో పోటు వేళకూ మా కాలువలో పోటు వేళకూ ఎంత తేడా ఉందో మొన్నటి సెలవుల్లో నాన్నా నేనూ గట్టున గుర్తుకర్ర పాతి రాసుకున్నాం. ఇప్పుడు పెద్ద పోటు రాకముందే ఆయన మా బోదెకు మట్టికట్ట వేసుకుంటున్నారు. తలుపులు బాగుచేయించడం మటుకు మనుషుల వంతు. దానికోసం పెట్టిన అర్జీమీద ఊళ్లో సగంమంది సంతకాలు చేశారు. తక్కినవాళ్లను సంక్రాంతికి వెళ్లినప్పుడు అడగాలి.