ఇద్దరు సహాధ్యాయులు... రెండు ఫాంట్లు!

పెళ్లిళ్ల సీజనొస్తే విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ప్రెస్సుల్లో ఊపిరి సలపదు. 'ఆ అక్షరం ఇంకాస్త గుండ్రంగా ఉంటే బాగుణ్ణు' అని పెళ్లికూతురి మేనమామ అంటాడు. కంప్యూటర్ ముందున్న కుర్రాడు చకచకా ఫాంట్లు మార్చి చూపిస్తాడు. ఆ కంప్యూటర్లో యూనికోడ్ ఫాంట్లు వేసుకుని ఉంటే ఆ జాబితాలో 'గురజాడ', 'గిడుగు' అన్న పేర్లు కూడా కనిపిస్తాయి. ఎవరి పేర్లో ఈ ఊళ్లో చెప్పనక్కర్లేదు. కోటకు కాస్త దూరంలోనే గురజాడ అప్పారావు ఇల్లు ఉంది. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది ఈ ఊళ్లోనే. గిడుగు రామమూర్తి కూడా ఇక్కడి మహారాజావారి స్కూల్లోనే చదివారు, ఇద్దరూ సహాధ్యాయులు. పెద్దయ్యాక మనం మాట్లాడే తెలుగుకు పుస్తకంలో చోటు దక్కాలని పోరాడిందీ ఆ ఇద్దరే.

ఈ ఫాంట్లను 2013లో గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించారు. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో విడుదల చేసింది. అంటే ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. శుభలేఖలు అచ్చేసి డబ్బు సంపాదించుకున్నా అడిగేవాళ్లుండరు. ముఖ్యమైన షరతు ఒకటుంది, ఫాంటును విడిగా అమ్ముకోకూడదు. ఊరి చెరువు లాంటిదన్నమాట. నీళ్లు తోడుకుని పంట పండించి అమ్ముకోవచ్చుగానీ చెరువును అమ్మకానికి పెట్టకూడదు.

ఇదేమంత పెద్ద విషయమా అనిపించవచ్చు. ఇంగ్లిషుకు ఇరవయ్యారు అక్షరాలు. చిన్నవీ పెద్దవీ కలిపినా యాభై రెండు. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిసేసరికి వందల ఆకారాలు గీయాలి. అంత శ్రమా ఉచితంగా ఇవ్వడమంటే మాటలు కాదు. పాతరోజుల డీటీపీ కష్టాలు ప్రెస్సులవాళ్లకు ఇంకా గుర్తే. ఒక్కో కంపెనీ తెలుగు అక్షరాలను ఇంగ్లిషు అక్షరాల చోట్లో తనకు తోచినట్టు కూర్చేది. ఒకచోట కొట్టిన మేటరు ఇంకోచోట తెరిస్తే అంతా పిచ్చిగీతలే. కొన్న ఫాంటు లేకపోతే సొంత భాషే చదవలేని పరిస్థితి!

ఇటలీ ముద్రాపకుడు జంబతిస్తా బొదోనీ 1813లో కన్నుమూసినా, ఆయన పేరున్న అక్షరాలు నేటికీ ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. ఆయన అక్షరాలు పోతపోసినవాడు. మనవాళ్లిద్దరూ అక్షరాలు పోతపోయలేదుగానీ, వాటిలో ఏ తెలుగు రాయాలో తేల్చారు.

గిడుగు పుట్టిన ఊరు చూడాలంటే శ్రీకాకుళం దాటి నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం వైపు వెళ్లాలి. వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారాయన. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. ముఖలింగం గుళ్లలోని గాంగుల శాసనాలను ఆయన ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్నప్పుడు సవరల భాషపై మనసు పడింది. ఒక సవరను ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. తెలుగు లిపిలో వాళ్ల భాషకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మన్యం జ్వరానికి మింగిన క్వినైన్‌తో చెవుడొచ్చింది. సవర పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇస్తానంటే, నాకొద్దు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండి అన్నారట. ఓపెన్ సోర్సు అన్న మాట పుట్టకముందు సంగతిది.

ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండల్లో సవర మాట ఇంకా వినిపిస్తుంది. ఒడిశా వైపు 1936లో మంగై గొమాంగో ఆ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపినే సృష్టించారు. అది యూనికోడ్‌లోకి ఎక్కింది 2012లో. దానికీ 'నోటో' వరసలో ఉచిత ఫాంటుంది. కానీ ఫాంటుంటే సరిపోదు. ఆ అక్షరాల్లో చదువు చెప్పే బడి, చదువుకోవడానికి కథల పుస్తకాలు ఉండాలి. గిడుగు వందేళ్ల కిందట చేతి డబ్బు పెట్టి మొదలెట్టిన పని అదే.

మహాశివరాత్రికి శ్రీముఖలింగం వెళ్తే జనంలో అడుగు తీసి అడుగు వేయలేం. గోడల మీది శాసనాలు తీరిగ్గా చూడాలనుకుంటే మాత్రం మామూలు రోజు పొద్దున్నే వెళ్లడం మేలు.